నలభై కిలోమీటర్లు తక్కువ పడ్డ రోడ్డు

హలో, వినిపిస్తుందా? గ్రూపులో ఉన్నవాళ్లందరికీ నమస్తే. నేను ఓదెలును, రేగడిపేట టూరిస్టు బస్సు డ్రైవర్‌ను. నోటితో చెబుతున్నాను, ఫోను నా మాటా పంపుతోంది, రాసుకుంటోంది కూడా. ఏడో తరగతి దాకానే చదివినవాణ్ని, తప్పులుంటే సర్దుకొని చదవండి. మధ్యలో గరగరమంటే సిగ్నల్ అనుకోకండి. ఫోనులో ఇంకా నాలుగు బియ్యపు గింజలున్నాయి. అవెందుకున్నాయో కూడా చెబుతాను.

విషయం ఏమిటంటే, పొద్దున మేము వెళ్లిన రోడ్డు సాయంత్రం తిరిగొచ్చేసరికి నలభై కిలోమీటర్లు తక్కువ పడింది.

కొట్టుకుపోలేదు. ఎవరూ తవ్వలేదు. రీలులో దారం అయిపోయినట్టు అయిపోయింది. గంగిరేణి చౌరస్తాలో టిఫిన్ హోటల్ దాకా ఉంది. అక్కడ తారు అంచు కత్తెరతో కోసినట్టు నీటుగా ఆగింది. అంచుకు అవతల తెల్లగా ఉంది. మంచు కాదు, పొగ కాదు. ఇంకా ఏమీ రాయని నోటుబుక్కు ఎలా ఉంటుందో అలా ఉంది.

మొదటి నుంచి చెబుతాను.

పొద్దున ఆరవుతుంది. స్కూలు ముందు బస్సు పెట్టి కొబ్బరికాయ కొడతాను, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెడతాను. కోట చూడ్డానికి బయలుదేరిన తొమ్మిదో తరగతి పిల్లలు ముప్పై ఎనిమిది మంది. ముప్పై ఎనిమిది మందీ ఫోన్లెత్తి నిమ్మకాయలను వీడియో తీస్తున్నారు. బస్సు ముందుకు పోనిస్తాను. నిమ్మకాయలు చితకవు. దిగి చూస్తాను. నేను చూశాక ఒకదాని తర్వాత ఒకటి చితుకుతాయి.

సోషల్ చెప్పే శ్రీశైలం సారు మెట్టు మీద నిలబడి పిల్లలకు రూలు చెబుతాడు.

"చౌరస్తా దాంక ఫోన్లు ఉంచుకోర్రి. ఇంటోళ్లతోని మాట్లాడుకోర్రి, ఫోటోలు పెట్టుకోర్రి. ఆడ టిఫిన్ అయినంక అన్నీ గుంజుకుంట. పొద్దుమూకెదాంక ఇయ్య. కోట కాడ ఎవ్వని చేతిల ఫోన్ కనవడొద్దు."

"ఇప్పుడే గుంజుకోరాదు సార్?" అని ముందు సీట్లోంచి ఒక అమ్మాయి అడుగుతుంది.

"మన రోడ్డే గద బిడ్డా. చూసేటిదేముంది?"

ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మొదటి నలభై కిలోమీటర్లు బస్సులో ఎవరెవరు ఎటు చూస్తున్నారో నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను. పిల్లలు ఫోన్లలోకి చూస్తున్నారు. సారు బస్సు బయలుదేరిన ఫోటోను హెడ్మాస్టరుకు పంపి, అది చేరిందో లేదో చూస్తున్నాడు. మధ్యాహ్నం భోజనం వండే పోశవ్వ వెనక సీట్లో కూర్చొని చేటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతోంది. ఆమె చేట నుంచి తల ఎత్తదు.

ఇక నేను. ముప్పై ఏళ్లుగా ఇదే రోడ్డు మీద తిరుగుతున్నవాణ్ని. అయినా ఫోనులో మ్యాపు పెట్టుకొని, ఆ నీలం గీతనే చూస్తూ నడుపుతున్నాను. ఎందుకంటే చెప్పలేను. గీత కనిపిస్తుంటే రోడ్డు ఉన్నట్టు నమ్మకం.

ఇందాక అడిగిన అమ్మాయి పేరు త్రివేణి. నా వెనక సీటే. వాళ్లమ్మ స్వరూపతో ఫోనులో మాట్లాడుతోంది, స్పీకరు పెట్టింది కాబట్టి నాకూ వినిపిస్తోంది. స్వరూపకు పోయిన వారం రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. కట్టుతో ఇంట్లో ఉంది.

"బయట ఏం కనవడ్తున్నయ్ బిడ్డా?" అంటుంది తల్లి.

"మన రోడ్డే గదమ్మా. ఏముంటది?"

"రేపు పొద్దుగాల పదింటికి కట్టు ఇప్పుతరు, యాదికున్నదా? నువ్వు నా ఎదురుంగ కూసోవాలె. ముందుగాల నీ మొఖం చూసినంకనే ఇంకోటి చూస్త. నువ్వు లేకుంటే కండ్లు తెర్వ. డాక్టరు మొత్తుకున్నా తెర్వ."

"పొద్దుమూకెవరకు ఇంట్ల ఉంటగదనే. ఎందుకు పరేషాన్ అయితవ్?"

గంగిరేణి చౌరస్తాలో ఉప్మా తింటాము. సారు పోశవ్వ దగ్గర బియ్యం డబ్బా తెప్పించి మూత తీస్తాడు.

"నీళ్లల్ల పడ్డ ఫోను బియ్యంల పెడితే ఏమైతది?"

"నీళ్లు గుంజుతది సార్," అంటారు పిల్లలంతా.

"మనమంత ఫోన్ల పడ్డం. బియ్యం మనల్ని గుంజుతది. ఎయ్యిర్రి."

వర్షిత్ అనే పొడుగు పిల్లవాడు చెయ్యెత్తుతాడు. "సార్, గట్లయితే మేమే పోయి బియ్యంల కూసుంటం. ఫోన్లు బయట ఉంటయ్."

"కూసో. పోశవ్వ కడిగి ఎసట్ల పోస్తది."

"గీని తోని నాలుగు మెతుకులు గూడ కావు సారూ," అంటుంది పోశవ్వ. అందరూ నవ్వుతారు. వర్షిత్ కూడా నవ్వుకుంటూ ఫోను బియ్యంలో గుచ్చుతాడు.

"ఓదెలన్నా, నీది గూడ."

నేనూ వేస్తాను. మూత పెట్టాక చూస్తే, నా ఫోనులోని నీలం గీత మూత సందులోంచి జానెడు బయటికి వేలాడుతోంది. పోశవ్వ దాన్ని పళ్లతో కొరికి తెంపుతుంది. పనికొస్తుందని కొంగున ముడి వేసుకుంటుంది.

చౌరస్తా దాటాక పిల్లల చేతులు ఊరికే ఉండడం లేదు. బొటనవేళ్లు వాటంతటవే కదులుతున్నాయి. వర్షిత్ కిటికీ అద్దం మీద వేలు పెట్టి పైకి తోస్తాడు. బయట ఉన్న గుట్ట పైకి పోతుంది. కింది నుంచి ఇంకో గుట్ట వస్తుంది. దాన్నీ తోస్తాడు. మూడోది వస్తుంది. పది నిమిషాల్లో నలభై గుట్టలు పోతాయి. వాటిలో ఏదీ వాడికి గుర్తుండదు.

"ఒక్క గుట్టనన్న నిలవడనియ్యిరా," అంటాడు సారు.

"నిలవడితే ఏంజేయాలె సార్?"

"నువ్వు గూడ నిలవడు."

వాడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. గుట్ట ఆగుతుంది. ముందు అది ఉత్త రాయి. కాసేపటికి దాని మీద మేకలు కనిపిస్తాయి. ఇంకాసేపటికి మేకల వెనక ఒక ముసలాయన, ఆయన భుజం మీద గొంగడి, గొంగడికి చిన్న చిరుగు. అన్నీ ముందు నుంచీ అక్కడే ఉన్నాయి. వాడికి ఒక్కొక్కటిగా అందుతున్నాయి.

అప్పుడే నా చేతికి తెలుస్తుంది. స్టీరింగు బరువెక్కుతోంది. చూసినవి చూసినట్టే బస్సులోకి వస్తున్నాయి. మేకల గుట్ట వస్తే వెనక కుడివైపు కొంచెం కిందికి దిగుతుంది. త్రివేణి కిటికీ పక్కన మిరపకాయలు ఆరబెట్టే ఒకామె వస్తే ఆ ఘాటుకు డ్రైవర్ సీటు దాకా తుమ్ములు. కోట చేరేసరికి బస్సు కింది కమాను పట్టీలు నిండు లోడుతో ఉన్నట్టు సాగి ఉంటాయి. నేను దిగి టైర్లు తన్ని చూస్తాను. గాలి బాగానే ఉంది.

కోట లోపల ఒక దిగుడుబావి. సారు అడుగుతాడు, "ఎంత లోతు ఉంటది?" ముప్పై ఎనిమిది చేతులు జేబుల్లోకి పోయి ఖాళీగా బయటికి వస్తాయి.

"రాయి ఎయ్యరాదుర్రి," అంటాను నేను.

ఒక రాయి వేస్తారు. అది పడుతూ ఉంటుంది. అందరూ లెక్కపెడుతున్నారు. ఒక్కరు లెక్క మానినా రాయి గాలిలో ఆగుతుంది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ పడుతుంది. చివరికి 'బుడుంగ్' అని వినిపించేసరికి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అంకె ఉంది. సారు అన్నీ నోటుబుక్కులో రాయిస్తాడు. ఏది తప్పు అని అడిగితే, "ఏదీ కొట్టేయకుర్రి. ఎవని లోతు వానిదే. ఎందుకు తేడా వచ్చిందో రేపు క్లాసుల జూద్దాం," అంటాడు. ఇంత ఇష్టంగా పిల్లలు రాసుకోవడం నేను చూడలేదు. ఇన్నేళ్లలో నా బస్సెక్కిన స్కూళ్లు తక్కువేమీ కాదు.

త్రివేణి మాత్రం బావి దగ్గర లేదు. ఒక గోడ ముందు కూర్చొని, రాళ్ల మధ్య మొలిచిన మొక్కనే చూస్తోంది.

"ఏంది బిడ్డా, గంతసేపు?"

"అమ్మకు చెప్పాలె కాకా. రేపు కట్టు ఇప్పినంక నన్ను చూస్తది. నా తర్వాత ఏమేం చూడాల్నో లిస్టు రాస్తున్న."

తిరుగు ప్రయాణం. మూడు దాటింది. బండి స్టార్ట్ చేసి చూస్తే కోట ముందు రోడ్డు లేదు. తెల్లగా ఉంది. నేను హారన్ కొడతాను. ఏమీ రాదు.

"కాకా, వచ్చేటప్పుడు ఈడ రెండు తాళ్లుండె. ఒకదానికి లొట్టి కట్టి ఉండె," అంటాడు వర్షిత్.

రెండు తాటిచెట్లు వస్తాయి. ఒకదానికి కల్లు లొట్టి. వాటి మధ్య బస్సు పట్టేంత రోడ్డు. నేను గేరు వేస్తాను.

అలా తెలిసింది. చూసింది చెబితే రోడ్డు వస్తుంది. ఇక పిల్లల గోల చూడాలి. "కల్వర్టు! కల్వర్టు మీద తెల్ల సున్నం!" "తర్వాత బర్రె!" "బర్రె నల్లగ లేదు, ఎర్రగుండె." "ఎర్ర బర్రె యాడుంటదిరా, నీ మొఖం." వాళ్ల కొట్లాట తేలేదాకా బర్రె సగం నలుపు, సగం ఎరుపుతో రోడ్డుకు అడ్డంగా నిలబడుతుంది. తేలాక పక్కకు పోతుంది. మేకల గుట్ట వర్షిత్ ఒక్కడే తెస్తాడు. గొంగడి చిరుగుతో సహా. ఒక్కొక్కటీ దిగుతుంటే బస్సు తేలికవుతోంది. నూటపది కిలోమీటర్లు గంటలో వచ్చేస్తాము. నలభై గుట్టలు మాత్రం రావు. అవి లేకపోయినా రోడ్డుకు ఏమీ కాలేదు.

గంగిరేణి చౌరస్తాకు వచ్చేసరికి నాలుగవుతుంది. టిఫిన్ హోటలాయన బల్లలు తుడుస్తున్నాడు. అక్కడ రోడ్డు అయిపోతుంది.

పిల్లలు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తారు.

"చెప్పుర్రి," అంటాడు సారు. "దీని తర్వాత ఏమున్నది? దినాం చూసే రోడ్డే గద."

ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నేను స్టీరింగు మీద చేతులు పెట్టుకొని తెల్లదనాన్ని చూస్తాను. అది నాకేమీ చెప్పదు.

"సార్, ఫోటోలున్నయ్!" అంటాడు వర్షిత్. "పొద్దున మస్తు దిగినం. ఎనుక కిటికీలుంటయ్. కిటికీలల్ల రోడ్డుంటది."

డబ్బా తెరుస్తారు. ఫోన్లు బాగా ఎండి ఉన్నాయి, అప్పడాల్లా తేలిగ్గా. దులిపితే గింజలు రాలుతున్నాయి. నాలుగు వందల ఫోటోలు వెతుకుతారు. అన్నింటిలోనూ మొహాలే. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మొహాలు, వేళ్లు, మళ్లీ మొహాలు. చివరికి ఒక ఫోటోలో, ఒకమ్మాయి చెవి వెనక, వేలెడంత పసుపు రంగు గోడ కనిపిస్తుంది.

"పసుపు గోడ," అంటారు అందరూ ఒకేసారి.

వేలెడంత గోడ వస్తుంది. దాని పక్కన వేలెడంత రోడ్డు. నేను బస్సును వేలెడు ముందుకు తీసుకెళ్లి బ్రేకు వేస్తాను.

పోశవ్వను అడుగుతారు. "నేను సూసినయి రాళ్లే కొడుకా," అని దోసిట్లో చిన్న చిన్న రాళ్లు చూపిస్తుంది. అవి రోడ్డుకు సరిపోవు.

పిల్లలు ఇళ్లకు ఫోన్లు చేస్తారు. రోడ్డు పొడుగునా ఏమేమున్నాయో చెప్పమంటారు. ప్రతి ఇంటి నుంచీ ఒకే జవాబు వస్తుంది. "మన రోడ్డే గద. కొత్తగ ఏముంటది?" హెడ్మాస్టరు కూడా అదే అంటాడు, ఇంకొంచెం మర్యాదగా.

త్రివేణి చివరికి వాళ్లమ్మకు చేస్తుంది.

"యాడున్నవ్ బిడ్డా?"

"చౌరస్తా కాడ."

"ఇంగేంది, దగ్గర్నే ఉన్నవ్."

"అమ్మా, చౌరస్తా నుంచి మనింటి దాంక ఏమేం ఉంటయే?"

"నువ్వే చెప్తివి గద పొద్దుగాల, ఏం లేదని. నేను గట్లనే పెట్టుకున్న. కట్టు కింద అంత తెల్లగ పెట్టుకున్న."

త్రివేణి ఫోను పెట్టేసి బస్సు దిగుతుంది. రోడ్డు అంచుకు వెళ్లి నిలబడుతుంది. నేనూ దిగి పక్కన నిలబడతాను.

"అమ్మ అడిగింది కాకా. ఏం కనవడ్తుందని నన్నే అడిగింది. ఒక్క చెట్టు పేరు చెప్పినా అయిపోతుండె. ఏముంటది అన్న." తెల్లదనంలోకి చూస్తూ అంటోంది. "నేను పోకుంటే అమ్మ కండ్లు తెర్వది. అన్నదంటే అన్నదే. నీకు తెల్వది మా అమ్మ సంగతి."

అప్పుడు నాకు సిగ్గేస్తుంది. ముప్పై ఏళ్లుగా నడుపుతున్న డ్రైవర్‌ను. నేను చెప్పలేకపోతే ఎవరు చెబుతారు? కళ్లు మూసుకొని గుర్తు చేసుకుంటాను. వచ్చినవన్నీ గుంతలు. మూడో మలుపులో లోతు గుంత, వాగు ముందర రెండు గుంతలు, ఫలానా చోట కుడివైపు తొక్కాలి. చెబితే గుంతలు వస్తాయి. తెల్లదనంలో నల్లటి గుంతలు వరసగా, పెనం మీద దోసెకు పడ్డ చిల్లుల్లాగా. వాటి చుట్టూ రోడ్డు లేదు. డ్రైవర్ చూసేది ముందరి పది గజాలే. పక్కలు నేనెన్నడూ చూడలేదు.

కాదు. చూశాను. డ్రైవర్ కాకముందు నేను ఇదే రోడ్డులో సర్వీసు బస్సు క్లీనర్‌ను. ఇరవై రెండేళ్లవాణ్ని. డోరుకు వేలాడేవాణ్ని. మొహం ఎప్పుడూ బయటే ఉండేది. అప్పుడు చూసినవన్నీ ఉన్నాయి.

"బస్సెక్కుర్రి," అంటాను.

"ఎడమ దిక్కు చింతలు. పదకొండు చింతలు, ఏడోదానికి తేనెతుట్టె," అని మొదలుపెడతాను. చింతచెట్లు వస్తాయి, తేనెతుట్టెతో సహా. రోడ్డు వస్తుంది. తారు కాదు, మొరం. అదైనా చాలు. నేను సెకండ్ గేరులో పోనిస్తాను.

పిల్లలు కిటికీలకు అతుక్కుంటారు. "సార్, దీన్ని గిందుకేనా 'చింతలకాడ' అంటరు? ఇప్పుడు ఆ స్టాపుల ఒక్క చింత గూడ ఉండదు గద!"

"కుడి దిక్కు రైసు మిల్లు. తవుడు కుప్ప. కుప్ప మీద కోళ్లు."

"మిల్లుకాడి స్టాపు!" అని అరుస్తారు. వాళ్లకు తెలిసిన మిల్లుకాడి స్టాపులో సెల్ఫోన్ల దుకాణం తప్ప ఇంకేం లేదు.

"ముందర డేరా టాకీసు. డేరాకు మూడు అతుకులు. బయట గోలీసోడా బండి."

"డేరాకాడ!"

శ్రీశైలం సారు నోటుబుక్కు తీసి గబగబా రాసుకుంటున్నాడు. "ఇరవై ఏండ్ల సంది సోషల్ చెప్తున్న ఓదెలన్నా. గీ పేర్లు ఎట్లొచ్చినయో ఒక్కనాడు అడుగలే. నేను అడుగలే, పిల్లలను అడుగనియ్యలే."

డీజిల్ ముల్లు పైకి లేస్తోంది. అద్దంలో నా మీసం నల్లబడుతోంది. ముప్పై కిలోమీటరు రాయి, ఇరవై రాయి, పది రాయి. నేను చెబుతూనే ఉన్నాను, గొంతు ఎండిపోతోంది. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. ఎక్కడో ఒకచోట ఆ చప్పట్ల చప్పుడు తగ్గుతోందని గమనిస్తాను.

కమాను పట్టీలు లేచి ఉన్నాయి. చూసినవి దిగిపోయినందుకు కాదు. పిల్లలే తేలికవుతున్నారు. అద్దంలో చూస్తే వర్షిత్ చొక్కా బాగానే ఉంది, మొహంలోంచి మాత్రం వెనక సీటు కనిపిస్తోంది. మేము పోతున్న ఊళ్లో వాళ్లింకా పుట్టలేదు. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. రోడ్డు నేను చెప్పిందే, కాలం కూడా నాదే.

ఊరి మొదట్లో బ్రేకు వేస్తాను. రేగడిపేట ఉంది. పెంకుల బడి ఉంది. వాటర్ ట్యాంకు లేదు, సెల్ టవర్ లేదు, త్రివేణి వాళ్ల ఇల్లు ఉండాల్సిన చోట జొన్న చేను. బడి వదిలారు. పిల్లలు బస్సును చూడ్డానికి పరిగెత్తుకొస్తున్నారు.

అందరికంటే ముందు ఒక పిల్ల వస్తుంది. పదేళ్లుంటాయి. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, చంకలో పలక. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు. వచ్చి బస్సును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూస్తుంది. టైర్లు చూస్తుంది, నట్లు లెక్కపెడుతుంది.

త్రివేణి మెట్టు దిగుతుంది. అది వాళ్లమ్మ కనుబొమ్మ మీది గాటే అని చూసి నిలబడిపోతుంది. ఇప్పుడు త్రివేణి తల్లి కంటే నాలుగేళ్లు పెద్దది.

"మీ బస్సుకు గిన్ని అద్దాలెందుకు?" అని అడుగుతుంది స్వరూప.

"బయటికి చూసెటందుకు."

"చూసిండ్రా మరి?"

స్వరూప దగ్గరికొచ్చి, మునివేళ్ల మీద లేచి, త్రివేణి మొహాన్ని బస్సును చూసినట్టే పద్ధతిగా చూస్తుంది. నుదురు, కళ్లు, గడ్డం.

"నీ మొఖం నేను యాడనో చూసిన."

"ఇంకా చూడలే," అంటుంది త్రివేణి. "రేపు చూస్తవ్. పదింటికి."

"గట్లనా? రేపు నువ్వు యాడుంటవ్?"

"నీ ఎదురుంగ ఉండాలె. గని రోడ్డు లేదు."

స్వరూప వేళ్లు మడిచి లెక్కపెడుతుంది. లెక్క అర్థమైన పిల్లలా తల ఊపుతుంది.

"అయితే గిదంత చూడకు. చూస్తే గిదే నీదైతది. ఈడనే ఉండిపోతవ్." జడ రిబ్బన్ విప్పుతుంది. "వంగు. నీ రోడ్డు వచ్చినంక నేనే ఇప్పుత. నేను ఇప్పెదాంక తెర్వకు."

త్రివేణి వంగుతుంది. ఎర్ర రిబ్బన్‌తో తల్లి కూతురి కళ్లకు కట్టు కడుతుంది. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూస్తుంది.

మిగతా ఆడపిల్లలూ రిబ్బన్లు విప్పుతారు. వర్షిత్‌కు పచ్చ రిబ్బన్ వస్తుంది. రిబ్బన్లు అయిపోయాక పలకలు తుడిచే గుడ్డలు కడతారు. శ్రీశైలం సారు కళ్లద్దాలు జేబులో పెట్టుకొని తనే వంగుతాడు. "నాకెందుకే? నేను బియ్యమే సూస్త," అని పోశవ్వ చేట తీసుకొని మెట్టు మీద కూర్చుంటుంది. నాకు కట్టరు. నేను ఇదంతా ముందే చూసినవాణ్ని.

ఇదీ సంగతి. ఇప్పుడు నేను పెంకుల బడి అరుగు మీద కూర్చొని మీకు చెబుతున్నాను. ఇక్కడ టవర్ ఇంకా కట్టలేదు. పోశవ్వ కొంగున ముడివేసిన నీలం గీత విప్పిచ్చింది. ఒక కొన ఫోనుకు కట్టాను, ఇంకో కొన గాలిలోకి వదిలాను. అది ఎక్కడిదాకా అందితే అక్కడిదాకా మీకు వినిపిస్తుంది.

నాకు కావలసింది ఒక్కటే. రేగడిపేటకూ గంగిరేణి చౌరస్తాకూ మధ్య ఈ మధ్యకాలంలో బస్సెక్కి, కిటికీలోంచి బయటికి చూసినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఏం చూశారో చెప్పండి. పెద్దవే కానక్కర్లేదు. ఏ గోడకు ఏ రంగు, ఏ కుక్క ఏ అరుగు మీద పడుకుంటుంది, ఏ ఇంటి ముందు ఏ చెట్టు, ఎవరి బట్టలు ఏ తీగ మీద ఆరుతున్నాయి. మీరు రాసింది నేను పైకి చదువుతాను. పిల్లలు కళ్లు మూసుకొని వింటున్నారు. విన్నది కూడా రోడ్డవుతుందో లేదో తెలియదు, ప్రయత్నిస్తున్నాం. రేపు పొద్దున పదింటి దాకా టైముంది. అక్కడ ఒకామె కట్టు విప్పినా కళ్లు తెరవకుండా కూర్చుంటుంది.

"మన రోడ్డే గద, ఏముంటది" అని మాత్రం రాయకండి. ఇప్పటికే ముగ్గురు రాశారు. అలా వచ్చినప్పుడల్లా జొన్న చేను వెనక నుంచి తెలుపు ఒక అడుగు ముందుకొస్తోంది.

పిల్లలిప్పుడు ఎంత తేలికయ్యారంటే, నేల మీద నిలవడం లేదు. త్రివేణి పాదాలు జానెడు ఎత్తున ఉన్నాయి. స్వరూప రిబ్బన్ కొసను వేలికి రెండు చుట్లు చుట్టుకొని, గాలిపటాన్ని పట్టుకున్నట్టు పట్టుకొని నిలబడింది. ఆమె పక్కన ఇంకో పిల్ల, ఆ పక్కన ఇంకొకతె. రోడ్డు పొడుగునా ముప్పై ఎనిమిది మంది చిన్నపిల్లలు, వాళ్ల చేతుల్లో ముప్పై ఎనిమిది దారాలు, పైన కళ్లకు గంతలతో, ముడుచుకున్న కాళ్లతో, మెల్లగా ఊగుతూ మా తొమ్మిదో తరగతి. అప్పటికి ఈ ఊరి మొహమే చూడని సారు, దారం బస్సు అద్దానికి కట్టించుకొని, అందరికంటే పైన ఉన్నాడు. నోటుబుక్కు జారిపోకుండా పట్టుకున్నాడు.

ఆగండి, ఒకటొచ్చింది. ఎవరో పేరు రాయలేదు. "మిల్లుకాడ సెల్ దుకాణం పక్క సందులో నీలం గేటు, గేటు మీద పిల్లి" అని రాశారు. పైకి చదివాను. తెలుపులో గేటు నిలబడింది. పిల్లి వచ్చి దాని మీద కూర్చుంది. త్రివేణి కుడికాలి బొటనవేలు నేలకు తగిలింది. స్వరూప వేలి మీంచి ఒక చుట్టు విప్పింది.

ఇది ఇంకొకరికి పంపండి. బస్సులో కిటికీ పక్క సీటు కోసం ఇప్పటికీ కొట్లాడేవాళ్లు మీ ఎరుకలో ఉంటారు. ముందు వాళ్లకు పంపండి.